ఒక రబ్బరు రింగు పెట్టడానికి చేతులు రాలేదు

మూడుసార్లు సబ్బు పెట్టి కడిగినా చేతులకి కాలిన వైరు వాసన పోలేదు. ఆ వాసనతోనే కూర్చుని రాస్తున్నా. మాట కరుకుగా వస్తే వస్తుంది, ఇవాళ సర్దుకోండి.

రాత్రి మట్టిరోడ్డు మీద వస్తుంటే పికప్ డ్యాష్‌బోర్డ్ కింద నుంచి పొగ. ముందు దుమ్మనుకున్నా. "అన్నా, ఏదో కాలుతోంది" అని తమ్ముడు అనేలోపే క్లచ్ మీదున్న కాలికి వేడి తగిలింది. బంపర్ మీద బిగించుకున్న లైట్ బార్, అదే పొడుగాటి ఎల్ఈడీ లైటు, దాని స్విచ్ ఆపేశా. పొగ ఆగలేదు. తాళం తీసేశా. అప్పుడూ ఆగలేదు. బానెట్ ఎత్తి, సీటు కింద చీకట్లో తడుముకుంటూ 10 నంబర్ స్పానర్ వెతికి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడబీకితే అప్పుడు ఆగింది. వెనకాల డీజిల్ క్యాన్ ఉంది. అది గుర్తొచ్చాక నాకు కాళ్ళు వణికాయి.

పొద్దున్నే విప్పి చూశా. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకుకి డ్రిల్లుతో కన్నం పొడిచి, అందులోంచి వైరు లోపలికి లాగాడు ఆ లైటు బిగించినతను. కన్నం అంచు బ్లేడులా ఉంది, వేలు పెడితే తెగుతుంది. అక్కడ గ్రోమెట్ పెట్టాలి. బొటనవేలి గోరంత రబ్బరు రింగు, అంతే. అది లేదు. బండి ఊగినప్పుడల్లా ఆ అంచు వైరు తోలుని కాస్త కాస్త కోస్తూ వచ్చింది. చివరికి లోపలి రాగి తీగ ఆ బండి రేకుకి తగిలింది. ఆ వైరు బ్యాటరీ నుంచి నేరుగా స్విచ్‌కి వెళ్తోంది, మధ్యలో ఫ్యూజూ లేదు, రిలే కూడా లేదు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే డబ్బా). రెండు వైర్లు కలిసిన చోట మెలిపెట్టి నల్ల టేపు చుట్టాడు. ఇంజిన్ వేడికి టేపు జిగురు కారిపోయి, చుట్టు విడిపోయి వేలాడుతోంది.

బిగించే రోజే అడిగాను, "ఫ్యూజు వేశారా?" అని. "బండికి ఫ్యూజు బాక్సు ఉందిగా సార్" అన్నాడు. ఉంది. అది కంపెనీ లాగిన వైర్లకి. నువ్వు బ్యాటరీ మీంచి కొత్తగా లాగిన వైరుకి ఆ బాక్సుకీ సంబంధం ఏంటి? ఫ్యూజు ఉండేది లైటుని కాపాడ్డానికి కాదు, వైరుని కాపాడ్డానికి. అందుకే దాన్ని బ్యాటరీకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర పెట్టాలి. అది లేకపోతే షార్ట్ అయిన క్షణంలో బ్యాటరీ వందల ఆంపియర్లు ఆ సన్న వైరులోకి తోసేస్తుంది. స్విచ్‌కి ముందే షార్ట్ అయింది కాబట్టే నేను స్విచ్ ఆపినా, తాళం తీసినా పొగ ఆగలేదు.

రిలే సంగతి కూడా చెప్తా, ఎందుకంటే "ఎల్ఈడీకి రిలే ఎందుకు" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. 180 వాట్ల బార్ అంటే 12 వోల్టుల మీద 15 ఆంపియర్లు. ఆ బరువంతా డ్యాష్‌బోర్డ్‌లోని చిన్న స్విచ్ గుండా నీ మోకాలి పక్కనుంచి ఎందుకు తిప్పాలి? రిలే పెడితే స్విచ్ మీద పావు ఆంపియర్ కూడా పడదు. రిలే కాళ్ళకి నంబర్లుంటాయి: అసలు కరెంటు బ్యాటరీ నుంచి 30లోకి వచ్చి, 87 నుంచి లైటుకి పోతుంది. 85, 86లో ఒకటి స్విచ్‌కి, ఇంకోటి ఎర్త్‌కి. నాలుగు కాళ్ళు! రోజూ అదే పని చేసేవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను. తెలుసు. ఓపిక లేదు.

ఫోన్ చేశా. అతను అన్న మొదటి మాట: "లైటు బాగా వెలిగిందిగా సార్?"

ఆ మాట దగ్గరే నా ఒళ్ళు మండిపోయింది. వెలిగితే చాలు. ఈ లైట్లు బిగించేవాళ్ళదీ బిగించుకునేవాళ్ళదీ అందరిదీ అదే మాట. డబ్బా మీద ల్యూమెన్లు, అంటే మొత్తం వెలుగు లెక్క, చూసి కొంటారు, బీమ్ స్పాటా (దూరం పోయేదా) ఫ్లడ్డా (వెడల్పుగా పరుచుకునేదా) అని ఒక్కడు అడగడు. రెట్టింపు దూరంలో అంతే వెలుగు పడాలంటే నాలుగు రెట్లు తీక్షణత కావాలి, అది వెలుగుని ఒకచోటికి కూడగట్టే రిఫ్లెక్టర్ వల్ల వస్తుంది. అదేం పట్టకుండా బార్‌ని టాప్ మీద పెట్టించుకుంటారు. వెలుగంతా ముందు సొంత బానెట్ మీద పడుతుంది, తెల్లటి బానెట్ అయితే మరీను. కళ్ళు ఆ మెరుపుకి అలవాటు పడిపోయి దూరం ఇంకా చీకటవుతుంది. దుమ్ములో అయితే ఎదురుగా తెల్లగోడ కట్టినట్టే. నేను బంపర్ మీదే పెట్టించుకున్నా. పొలాల దారిలో గుంతలు కనపడాలి, నాకు కావాల్సింది అంతే.

టాప్ మీద బార్ అంటే నాకు పాత మంట ఒకటుంది. రెండేళ్ళయినా చల్లారలేదు. తారురోడ్డు మీద ఎదురుగా ఒక పికప్, టాప్ బార్ వేసుకుని వస్తోంది. నేను డిప్పర్ కొట్టా. మళ్ళీ కొట్టా. మూడోసారికి వాడు బంపర్ లైట్లు కూడా వేశాడు! డిప్ బీమ్‌కి పైన ఒక గీత కోసినట్టు వెలుగు ఆగిపోతుంది, ఎదుటివాడి కళ్ళలోకి పోకుండా. ఆఫ్‌రోడ్ లైటుకి ఆ గీత ఉండదు, ఎందుకంటే అది ఎదురుగా ఎవరూ రాని చోటికి చేసిన లైటు. పబ్లిక్ రోడ్డు మీద వాడకూడదని చాలా డబ్బాల మీదే రాసి ఉంటుంది. వెనక లోడు ఉంటే పికప్ ముక్కు పైకి లేస్తుంది, మామూలు హెడ్‌లైటే కళ్ళలో కొడుతుంది. దానికి తోడు ఇది.

60లో వెళ్తుంటే సెకనుకి 16 మీటర్ల పైన పోతాం. నాకు మూడు సెకన్లు ఏమీ కనపడలేదు. బ్రేకు తొక్కుతూనే ఉన్నా. చూపు తిరిగి వచ్చేసరికి ఎడమ అద్దం పక్కనే సైకిల్ హ్యాండిల్ పట్టుకున్న ఒక చెయ్యి కనపడింది. పెద్దాయన, సైకిల్ నడిపించుకుంటూ వెళ్తున్నాడు. జానెడు దూరం. ఆయన నన్ను తిట్టాడు. నేనేం చెప్పను? నాకు కనపడలేదని చెప్తే ఆయన నమ్మాలా? ఆ బార్ వేసుకున్నవాడు మాత్రం ఆగలేదు, వాడికి దారి బ్రహ్మాండంగా కనపడింది.

అందుకే ఇవాళ అతను "బాగా వెలిగిందిగా" అంటే నాకు ఆ చెయ్యే గుర్తొచ్చింది.

వైరింగ్ మొత్తం పీకేశా. కొత్త హార్నెస్ (వైర్ల సెట్టు), రిలే, ఫ్యూజు, గ్రోమెట్ తెచ్చుకుని నేనే బిగించుకుంటా. తారురోడ్డు ఎక్కేముందు వేయడానికి లైటుకి మూత కూడా. కాలిన వైరు ముక్క, రాగి బయటపడ్డ భాగం, కత్తిరించి పక్కన పెట్టా. రేపు తీసుకెళ్ళి అతని బల్ల మీద పెడతా, ఇంకో బండికి బిగించేటప్పుడు కళ్ళెదురుగా ఉంటుంది.