మీటరు 420 చూపిస్తే బోరు మంచిదేనా?

విజయవాడ సింగ్‌నగర్‌లో మా బాబాయి ఇల్లు బేరానికి పెట్టాడు. కొనేవాళ్ళు బోరు నీళ్ళు పరీక్ష చేయించమన్నారట. దానికి జవాబుగా నాకో వాట్సాప్ సందేశం పంపాడు: "టీడీఎస్ 500 లోపుంటే బోరు నీళ్ళు అమృతం. ఏ దోషమున్నా కాస్తే పోతుంది. రిజిస్ట్రేషన్ అయ్యాక అమ్మినవాడికి పూచీ లేదు." ఇదే సందేశం ఇప్పటికి నాలుగు గ్రూపుల్లో చూశాను.

ముందు టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం, చూపే మీటరు సంగతి. నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసి, దాన్నిబట్టి కరిగిన లవణాలు ఇన్ని అని లెక్కకడుతుందది. అవి ఏ లవణాలో చెప్పదు, సూక్ష్మజీవులైతే దానికి ఆనవే ఆనవు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో లీటరుకు 500 మిల్లీగ్రాముల మాట నిజమే. నైట్రేటు 45 దాటకూడదనీ, 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఈ.కోలి (మలంలో ఉండే బ్యాక్టీరియా) అసలు కనబడకూడదనీ కూడా అందులోనే ఉంది. సందేశం రాసినాయన అంతదాకా చదవలేదు కాబోలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు బాబాయి బోరు మూతితో సహా మురికినీళ్ళలో మునిగింది. కేసింగు (బోరులో దించిన గొట్టం) పక్కనుంచి ఏం దిగిందో ఎవరూ చూడలేదు. వరద తీశాక కూడా ఆయన మీటరు 420 చూపించింది!

కాచడం క్రిముల వరకు పనికొస్తుంది, ఒప్పుకుంటా. నైట్రేటు, ఫ్లోరైడు మాత్రం ఎగిరిపోవు, నీళ్ళు మరిగేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. నైట్రేటు ఎక్కువున్న నీళ్ళతో డబ్బాపాలు కలిపి పడితే పసిబిడ్డ రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్ళు నీలంగా మారే ప్రమాదముంది. కొనేవాళ్ళింట్లో నెలల పిల్ల ఉంది.

ఇక పూచీ. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను చూడండి: ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, తనకు తెలిసీ కొనేవాడికి తెలియని, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు బయటపెట్టాలి. ఇది చెబితే బాబాయి, "అందుకేరా పరీక్ష వద్దనేది, తెలియకపోతే తప్పు లేదుగా!" అన్నాడు. "బోరు మునిగిందని తెలుసుగా బాబాయ్?" అంటే మాట్లాడలేదు.

మొత్తానికి పరీక్షకు ఒప్పుకున్నాడు. కానీ ఆర్‌ఓ కుళాయి కింద పట్టడానికి ఫ్రిజ్‌లోని వాటర్ బాటిల్ కడిగి పెట్టాడు. అది బోరు పరీక్ష కాదు, ఫిల్టరు పరీక్ష. మోటారు కాసేపు వదిలి, బోరు దగ్గరే ల్యాబువాళ్ళిచ్చే స్టెరైల్ (క్రిములు లేని) సీసాలో పట్టి, ఐసులో పెట్టి అదేరోజు చేర్చాలి. ముందురోజు బోరులో బ్లీచింగ్ వేస్తే క్రిములు చచ్చి అసలు సంగతి తేలదు. సీసా నేనే తెస్తానని, అందాకా బోరు జోలికి పోవద్దని పిన్నికి కూడా ఫోన్ చేసి చెప్పాను.