మాంచాల కత్తి ఇవ్వకముందే మైకు ఆగిపోయింది

మొన్న ఆదివారం జరిగిన విషయం ఇంకా మనసులోంచి పోవడం లేదు. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేనుండేది బెజవాడ సింగ్ నగర్‌లో. సొంతూరు తాడికొండ వైపు పల్లె, బుర్రకథకు పెద్ద పేరు తెచ్చిన షేక్ నాజర్ గారు పుట్టిన పొన్నెకల్లుకి దగ్గరే. మా పెదనాన్న ఒక బుర్రకథ దళంలో వంత, అంటే కథకుడి పక్కన డక్కీ అనే వాద్యం వాయిస్తూ పాట అందుకునేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలు పోకూడదని రెండేళ్ల నుంచి ముగ్గురు ఆడపిల్లలకు నేర్పుతున్నాను. ఫీజు లేదు. ప్రాక్టీసు మా డాబా మీద. వాన పడితే లేదు, ఎండాకాలం ఆరు దాటేదాకా లేదు, పక్కింట్లో పరీక్షలుంటే అసలే లేదు.

ఆ రోజు ఒక సాంస్కృతిక కార్యక్రమంలో మా పిల్లలకు అవకాశం వచ్చింది. ఎవరు పెట్టారో చెప్పను, ఎందుకంటే ఇది ఒక్కరి తప్పు కాదు. నాలుగింటికల్లా మేకప్‌తో రమ్మన్నారు, వెళ్లాం. ముఖ్య అతిథి వచ్చేసరికి ఏడున్నర. జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు, మెమెంటోలు, మళ్లీ ఫొటోలు. వెనకాల రేకుల షెడ్డులో ఒకే ఫ్యాను. పెద్దమ్మాయి నుదుటి మీద బొట్టు చెమటకి కారిపోతుంటే వాళ్లమ్మ మూడుసార్లు దిద్దింది. తొమ్మిది దాటాక పిలుపొచ్చింది. ఇరవై నిమిషాల కథ. ‘నాలుగు నిమిషాల్లో ముగించండి’ అన్నారు.

పల్నాటి యుద్ధ కథలో బాలచంద్రుడు యుద్ధానికి వెళ్తూ భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకునే ఘట్టం అది. పిల్లలు ఎలాగో కుదించుకుని అక్కడిదాకా వచ్చారు. మైకు ఆగిపోయింది. యాంకర్ వచ్చి చప్పట్లు కొట్టించింది. కిందికి దిగాక పెద్దమ్మాయి నాతో అన్నది ఒక్కటే మాట: ‘మాంచాల ఇంకా కత్తి ఇవ్వలేదు మాస్టారూ.’

నాకు నోట మాట రాలేదు.

‘వంత పాడటం’ అని మనం తేలిగ్గా అనేస్తాం. నిజంగా వంత పాడాలంటే కథకుడి ఊపిరి తెలియాలి. తంబురా మీటుతూ, అందెలు మోగిస్తూ కథకుడు గుక్క తిప్పుకునే ఆ ఒక్క క్షణంలో రెండు డక్కీలూ ఒక్కసారే పడాలి, ‘తందాన తాన’ అందుకోవాలి. అర క్షణం ముందైతే మాట మింగేసినట్టు, అర క్షణం వెనకైతే కథ పడిపోయినట్టు. పైగా ఒక వంత హాస్యం చెప్పాలి, ఇంకో వంత రాజకీయం, అంటే ఈనాటి లోకం సంగతి, కథలో కలపాలి. ఇది యూట్యూబ్ చూసి వచ్చేది కాదు. ముగ్గురూ ఒక గదిలో, ఎవరూ ‘గోల’ అనని గదిలో, నెలల తరబడి కూర్చుంటేనే వస్తుంది. నా బాధంతా ఆ గది గురించే.

మనకు వేదికలు లేవా అంటే ఉన్నాయి. బందరు రోడ్డు మీద తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం ఉంది, మొవ్వ క్షేత్రయ్య పేరు పెట్టుకున్న హాలు. నాటకాలంటే పడిచచ్చే తెనాలి గంట ప్రయాణం. కూచిపూడి పక్కనున్న కృష్ణా జిల్లాలోనే ఉంది. కానీ ప్రదర్శన రోజు ఎక్కే స్టేజీ వేరు, ఆ రోజు కోసం ఏడాది పొడవునా తయారయ్యే చోటు వేరు. ఆ రెండోది ఏ పేటలో ఉందో చూపించండి. మా వైపు ఒక కమ్యూనిటీ హాలు ఉంది. పెళ్లి ఉంటే తెరుస్తారు, మీటింగ్ ఉంటే తెరుస్తారు, మిగతా రోజుల్లో తాళం. తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే నాకు నెల పట్టింది. ‘అద్దె కట్టి బుక్ చేసుకోండి’ అన్నారు. పిల్లలు డక్కీ వాయించడానికి పెళ్లి అద్దె ఎక్కడినుంచి తేవాలి?

ఇదేదో దయతో చేసే పని కాదు, చట్టంలో ఉన్నదే. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి. మంచినీళ్లు, రోడ్లు, పార్కులు అందరికీ తెలుసు. అదే జాబితాలో 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాలను ప్రోత్సహించడం. డ్రైనేజీ పొంగితే అడుగుతాం కదా, దీన్ని ఎందుకు అడగం?

‘జనం రారండీ’ అంటారు. నేను ఒప్పుకోను. శ్రీరామనవమి పందిట్లో అర్ధరాత్రి దాకా కూర్చునేది ఈ జనమే. ఎల్‌ఈడీ తెరలు, ఫ్లెక్సీలు పెట్టి ఒక్క రాత్రి ఉత్సవం చేయడం తప్పని నేననను. ఫ్లైఓవర్ స్తంభాల మీద బొమ్మలు వేయించారు, చూసినప్పుడల్లా నాకు సంతోషమే. కానీ ఉత్సవం తెల్లారితే షామియానాతో పాటు అన్నీ లారీ ఎక్కి వెళ్లిపోతాయి. పేటలో ఏం మిగిలింది?

ఈ ఊరికి రోజూ జరిగే పని విలువ తెలుసు. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం 1914లో సంఘంగా ఏర్పడింది బెజవాడలోనే. వాళ్లు ఒక్కరోజు సభ పెట్టి ఊరుకోలేదు. ఊరూరా తలుపు తెరిచి ఉండే గదులు కావాలన్నారు. గుంటూరు జిల్లాలో పడవల్లో పుస్తకాలు పెట్టి కాలువల వెంట తిప్పారు. మనకు ఇప్పుడు కట్టిన హాళ్లే ఉన్నాయి, తాళం తీస్తే చాలు.

బెజవాడలో 64 డివిజన్లు. ప్రతి డివిజన్‌లో వారానికి రెండు సాయంత్రాలు ఒక గది. సాధనాలు దాచుకోవడానికి ఒక బీరువా. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకి వచ్చినప్పుడు మంచం కింద పెట్టిన రెండు డక్కీలు తోలు ఉబ్బి పాడైపోయాయి, అందుకే బీరువా అంటున్నాను, అదీ పై అంతస్తులో. నేర్పేవాళ్లకు నెలనెలా గౌరవ వేతనం ఇవ్వాలి. నాకు కాదు, నాకు ఉద్యోగం ఉంది. పద్యం చెప్పగలిగిన, హార్మోనియం వాయించగలిగిన పెద్దవాళ్లు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు శాలువాలు ఇంట్లో దొంతరలుగా ఉన్నాయి, మందులకు డబ్బుల్లేవు. ఇంకొక్కటి, పిల్లల ప్రదర్శన ముందు పెట్టండి, ప్రసంగాలు తర్వాత పెట్టుకోండి.

వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తున్నాను. మొత్తం పేజీ రాసి, కొట్టేసి, ఒక్క వాక్యం ఉంచాను: మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఆ హాలు తాళం ఇప్పించగలరు. ఈ రెండు రోజులూ పిల్లలకు ట్యూషన్ లేదు.