కార్నెరా గెలుపులన్నీ కొన్నవేనా?

ఇటలీ బాక్సర్ ప్రిమో కార్నెరా గురించి తరచూ షేర్ అయ్యే మాట ఇది: "సర్కస్‌లో దొరికిన భారీకాయుడు. బాక్సింగ్ రాదు, దెబ్బలో పస లేదు. మాఫియా అన్ని పోటీలూ కొని చాంపియన్‌ని చేసింది. ఎర్నీ షాఫ్ అనే బాక్సర్‌ను గుద్ది చంపాడు. బాగా దండుకున్నాడు." ఇందులో పావు వంతు నిజం. మిగతాది గోరంతను కొండంత చేయడమే.

సర్కస్ సంగతి నిజమే. ఫ్రాన్స్‌లో బలప్రదర్శనలు చేస్తూ తిరిగేవాడు, 1928లో పారిస్‌లో బాక్సర్ అయ్యాడు. 1930లో అమెరికా వెళ్లాక ఓనీ మాడెన్ లాంటి గ్యాంగ్‌స్టర్ల చేతిలో పడ్డాడు. వాళ్లు కొన్ని పోటీలు ఫిక్స్ చేశారు. మొదటి మేనేజర్ లియాన్ సే స్వయంగా ఒప్పుకున్న విషయమది, దాన్ని కాదనడానికేమీ లేదు.

కానీ 'అన్నీ' ఎలా అవుతాయి? 1930లో జిమ్ మలోనీ చేతిలో, 1931లో జాక్ షార్కీ చేతిలో, 1932లో లండన్‌లో లారీ గెయిన్స్ చేతిలో ఓడిపోయాడు. కొనగలిగినవాళ్లు ఈ మూడింటినీ ఎందుకు వదిలేస్తారు?

ఇక ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ పోటీ. 1933 జూన్ 29న న్యూయార్క్‌లో, ఆరో రౌండ్‌లో కుడిచేతి అప్పర్‌కట్ (కింది నుంచి పైకి కొట్టే గుద్దు) తగిలి షార్కీ కుప్పకూలాడు. అది కూడా ఫిక్సింగే అనే అనుమానం అప్పటి నుంచీ ఉంది. షార్కీ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు, రుజువూ దొరకలేదు. సరే, అది నాటకమే అనుకుందాం. ఆ తర్వాత రోమ్‌లో ఉజ్కుదున్‌తో, మయామీలో టామీ లోరన్‌తో పూర్తి 15 రౌండ్లు ఆడి పాయింట్ల మీద గెలిచాడే! లోరన్ మీద దాదాపు 40 కిలోల బరువు కలిసొచ్చింది, నిజమే. అయినా బొత్తిగా ఆట రానివాడు అలాంటి నేర్పరి ముందు అంతసేపు నిలబడి గెలవడు.

షాఫ్ విషయంలో ఈ ప్రచారం తన మాటకు తానే అడ్డం తిరుగుతుంది. దెబ్బలో పస లేదంటారు, మనిషిని చంపాడనీ అంటారు! 1933 ఫిబ్రవరి 10న కార్నెరాతో పోటీలో 13వ రౌండ్‌లో షాఫ్ పడిపోతే, అదీ ఫిక్సింగే అనుకుని జనం "మోసం, మోసం" అని అరిచారు. నాలుగు రోజులకు అతను చనిపోయాడు. అంతకు సుమారు ఐదున్నర నెలల ముందే మరో బాక్సర్ మాక్స్ బేర్ కొట్టిన దెబ్బలకు షాఫ్ రింగులోనే స్పృహ తప్పాడు. పైగా ఈ పోటీకి ముందు ఫ్లూతో మంచం పట్టాడు. నేరమంతా కార్నెరా నెత్తిన రుద్దడం అన్యాయం.

పిరికివాడు అనేవాళ్లు 1934 నాటి బేర్ పోటీ ఫిల్మ్ చూడాలి. పడతాడు, లేస్తాడు, పడుతూ పడుతూ బేర్‌ను కూడా కిందికి లాగేస్తాడు. ఎన్నిసార్లు పడ్డా మళ్లీ నిలబడ్డాడు. చివరికి 11వ రౌండ్‌లో రిఫరీయే ఆపాడు.

దండుకున్నాడన్నది శుద్ధ అబద్ధం. వచ్చిన డబ్బులో సింహభాగం చుట్టూ ఉన్నవాళ్లే మింగేశారు. 1938లో ఒక కిడ్నీ తీసేశారు. యుద్ధం అయ్యాక మళ్లీ అమెరికా వచ్చి, నలభయ్యో ఏట రెజ్లింగ్‌లో దిగితేగానీ అతని చేతిలో నాలుగు డబ్బులు నిలవలేదు.