వానలో 50, లేదంటే ఫెయిల్

బ్రిటన్ వారి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ మహా బుద్ధిమంతమైన గ్రంథం. రోడ్డు తడిస్తే బండి ఆగడానికి కనీసం రెట్టింపు దూరం పడుతుందని, మంచు గడ్డకడితే పది రెట్ల దాకా పట్టొచ్చని, కాబట్టి నెమ్మదిగా పొమ్మని హితవు చెబుతుంది. ఇవి థియరీ పరీక్ష కోసం చదవాల్సిన పాఠాలు. ఒంటబట్టించుకుని పాసైనవాళ్లను మెచ్చుకుని బైకు టెస్టుకి పంపిస్తారు.

అక్కడికెళ్లగానే చదివినదంతా మర్చిపోవాలి. టెస్టు మొదటి భాగంలో సడెన్ బ్రేకు వేసేముందు బండి గంటకు కనీసం 50 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. అడ్డం తప్పించే విన్యాసానికీ అంతే. జూన్ ఎండలో 50. జనవరి వానలోనూ 50. పుస్తకం చెప్పింది కదా అని నెమ్మదించారో, మీకు బండి రానట్టే.

మైళ్లలో బతికే దేశంలో ఈ కిలోమీటర్లేమిటంటారా? యూరప్ ఆదేశం. దాని ప్రకారం 2009లో ఈ టెస్టు పెట్టారు. 50 కిలోమీటర్లంటే 31 మైళ్లు. ఊళ్లో మామూలు పరిమితేమో 30. లైసెన్సు కోసం చూపించాల్సిన వేగం ఊళ్లో చూపిస్తే నేరం అన్నమాట! అందుకని రోడ్డు వదిలేసి, టెస్టు కోసం వేరే మైదానాలు చూసుకున్నారు. 2020లో ఆ యూరప్ కూటమికే దండం పెట్టి బయటికొచ్చేశారు. ఈ 50ని మాత్రం గుండెలకు హత్తుకుని ఉంచుకున్నారు.

ఇక ఆ మైదానం వైభవం చూడాలి. నేల గడ్డకడితే టెస్టు రద్దు చేస్తారు. కానీ చలి గడ్డకట్టేదాకా పోదు, రెండు డిగ్రీల దగ్గర ఆగి నవ్వుతూ ఉంటుంది. వాన అడ్డంగా కొడుతోంది. అభ్యర్థి చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, వేళ్లున్నాయో లేదో తెలియడం లేదు. ఊపిరి వదిలితే హెల్మెట్ ముందు అద్దం, అదే వైజరు, మసకబారుతుంది, బిగపడితే కళ్లు బైర్లు కమ్ముతాయి. తడి మలుపు తిరిగి, దొరికిన ఆ కాస్త దూరంలోనే వేగం అందుకుని, వేగం కొలిచే యంత్రం ముందునుంచి దూసుకెళ్లాలి. వెళ్లాడు. 47. "ఇంకాస్త వేగంగా రావాలండీ" అన్నారు ఎగ్జామినర్ గారు, ఎంతో మర్యాదగా. మళ్లీ వచ్చాడు. ఆయన చెయ్యెత్తారు. ఆ వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. మసక వైజరులోంచి ఆ చెయ్యి కనపడేలోపే సగం మైదానం అయిపోయింది. బ్రేకు నొక్కాడు. ముందు చక్రం తన దారిన తాను పోయింది. బండి ఒక వైపు, మనిషి ఒక వైపు, మధ్యలో ఒక కోను. వేగం ఎంతట? 51! అందులో మాత్రం పాస్.

కారు టెస్టులో సడెన్ బ్రేకు అందరి చేతా వేయించరు, వేయించినా వేగం కొలిచే యంత్రమేదీ పెట్టరు. నాలుగు చక్రాలున్నవాడి మీద ఉన్న దయ, రెండే ఉన్నవాడి మీద ఉండక్కర్లేదు కాబోలు.

ఇదంతా మన భద్రత కోసమేనట! సరే, ఆ ఫెయిలైన మనిషి తర్వాత ఏం చేస్తాడో ఎవరైనా అడిగారా? సీబీటీ అని ఒక శిక్షణ ఉంది. మామూలుగా ఒక్క రోజులో అయిపోతుంది, పరీక్ష కూడా కాదు. అది చేసినవాడు ఎల్ బోర్డు తగిలించుకుని రెండేళ్లపాటు 125 సీసీ బండి మీద ఊరంతా తిరగొచ్చు. మైదానంలో పడ్డవాడు అదే సాయంత్రం అదే వానలో, చీకట్లో, లారీల మధ్య, వీపున ఎవరిదో వేడి భోజనం మోసుకుంటూ పోతాడు. అప్పుడు వాడి బ్రేకు ఎలా పడుతుందో ఎవడికీ పట్టదు. రెండేళ్లు నిండితే ఇంకో రోజు శిక్షణ, ఇంకో రెండేళ్లు. టెస్టుకి రాకుండా తిరిగేవాణ్ణి వదిలేసి, బుద్ధిగా నేర్చుకుందామని వచ్చినవాణ్ణి నీళ్లలో పడేసి చేతిలో ఫెయిల్ కాగితం పెడతారా? సిగ్గుండాలి! వానలో 40 కిలోమీటర్ల వేగంలో ఎలా ఆగాలో చూపించమని అడగండయ్యా. వాడికి రేపు పొద్దున్నే కావాల్సింది అదే.