పంగలకర్ర ఎంత లాగితే అంత గురా? ముందు రబ్బరు కొలుచుకోండి

"పంగలకర్ర నిలువుగా పట్టుకోవడం పిల్లలాట, అడ్డంగా పట్టి రెండు చేతులూ బార్లా చాపి తల వెనక దాకా లాగండి, ఎంత లాగితే అంత గురి, ఏ రాయైనా పర్లేదు" అని ఒక వీడియో అన్ని గ్రూపుల్లో తిరుగుతోంది, మా బావమరిది కూడా పంపాడు. సీను బానే ఉంది గానీ చెప్పిందాంట్లో సగం తప్పు.

ముందు ఆ "ఎంత లాగితే అంత గురి" సంగతి చూద్దాం. ఎక్కువ లాగితే పెరిగేది వేగం అండీ బాబూ, గురి కాదు. సెకనుకి 60 మీటర్ల వేగంతో పోయే గుండు 10 మీటర్లు వెళ్ళేసరికి ఓ 14 సెంటీమీటర్లు కిందికి దిగుద్ది, వేగం 75 చేస్తే 9 దిగుద్ది, అంటే అంత కష్టపడితే కలిసొచ్చింది 5 సెంటీమీటర్లు. అదే చెంప దాకా, అంటే ఓ 80 సెంటీమీటర్లు లాగినప్పుడు రాయి పెట్టే తోలు ముక్కని పట్టుకున్న చెయ్యి ఒక్క సెంటీమీటరు పక్కకి జరిగితే గుండు అక్కడ 12 సెంటీమీటర్లు పక్కకి పోద్ది! అందుకే చెయ్యి ప్రతిసారీ ఒకేచోట ఆగాలి, నేనైతే బొటనవేలు నోటి మూలకి ఆనించి వదుల్తా. తల వెనక గాల్లో ఉన్న చెయ్యి ఎక్కడుందో మనకే తెలీదు. ఏళ్ళ తరబడి ప్రాక్టీస్ చేసినోళ్ళకి అదీ కుదురుద్ది, కాదన్ను, కానీ ఆ వీడియో చూసేది నిన్న మొన్న మొదలెట్టినోళ్ళు కదా.

అసలు వాళ్ళు చెప్పకుండా వదిలేసింది రబ్బరు గురించి. పట్టీ రబ్బరు అయితే దాని పొడుగుకి ఐదింతలు లాగేలా కోసుకోవడం మామూలు లెక్క. చెంప దాకా 80 లాగేవాడికి 16 సెంటీమీటర్ల రబ్బరు చాలు, చేతులు బార్లా చాపి 150 లాగేవాడికి 30 కావాలి. ఆ 16 దాన్నే పట్టుకుని తల వెనక దాకా లాగితే తొమ్మిదింతలు పైమాటే, తెగి మొహాన కొడుద్ది. నాకు ఒకసారి తోలుకి దారం కట్టిన దగ్గర గోరంత చీలిక కనబడినా పర్లేదులే అని లాగా, కంటి కింద వాత తేలి వారం ఉంది. కళ్ళద్దాలు లేకుండా నేను మళ్ళీ ముట్టుకోలేదు.

అడ్డంగా పడితే లాభం ఉన్న మాట నిజమే, రెండు రబ్బర్లూ ఒకదాని కింద ఒకటి పడి కంటికి ఒకే గీతలా కనబడతాయి, పై పంగ కొనతో ఎత్తు చూసుకోవచ్చు. అలాగని నిలువుగా పట్టడం పిల్లలాటేం కాదు, పంగ మధ్యలోంచి చూసి ఏడెనిమిది మీటర్లలో చింతకాయ గుత్తి రాల్చేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు, పైగా ఆ దూరానికి అంతకంటే ఏం కావాలి.

ఏ రాయైనా పర్లేదంట! ఒకటి బరువు, ఒకటి తేలిక, ఒకటి వంకర, ఇంక ఏ స్టైలైతే ఏంటి. ఒకే సైజు గోలీలో బేరింగు గుండ్లో తీసుకోండి, డబ్బాకి గురిపెట్టండి, దాని వెనక పాత దుప్పటి వేలాడదీయండి. పిట్టల జోలికి మాత్రం పోవద్దు, చిలకని కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుద్ది.

ఇదంతా బావమరిదికి కూడా పంపా. ఇంకా రెండు చేతులూ చాపుతూనే ఉన్నాడు, రబ్బరు మాత్రం 30కి మార్చాడు.