కళ్లలోకి చూడు, టిక్కు కొట్టించుకో

ఆటిజం ఉన్న యువతకు సోషల్ స్కిల్స్ నేర్పితే మేలా, కీడా అని కొందరు ఇంకా తర్జనభర్జన పడుతున్నారు. ఎందుకో అర్థం కాదు. మనం మామూలు మనుషులం, మన తీరులో వంక పెట్టడానికేముంది? "తప్పకుండా కలుద్దాం" అంటాం, కలవం. "ఏమీ అనుకోవద్దు" అని మొదలుపెట్టి అనాల్సినవన్నీ అనేస్తాం. ఇంతటి విద్యను మన దగ్గరే దాచుకుంటే స్వార్థం కాదూ?

అందుకే క్లాసులు. కుర్రాడు నేలచూపులు చూస్తూనే చెప్పింది పొల్లు పోకుండా వింటున్నాడు. కుదరదు, తలెత్తమంటాం. ఎత్తుతాడు. రెప్ప ఎప్పుడు వేయాలి, ఎంతసేపు చూస్తే గుడ్లురిమినట్టుంటుంది అన్న లెక్కల్లో పడి ఒక్క ముక్కా బుర్రకెక్కదు. షీటులో మాత్రం టిక్కు పడుతుంది: 'శ్రద్ధ పెరిగింది'.

ఫలితాలూ ఘనమే. ఇలాంటి గ్రూపు క్లాసుల ట్రయల్స్‌ని కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణ ప్రకారం, యువత తమలో చూసుకున్న మెరుగుదలంతా ఏం చేయాలో తెలియడం దగ్గరే ఆగింది, చేతల దాకా రాలేదు. తల్లిదండ్రులకు కాస్త మార్పు కనిపించింది, ఆశ వాళ్లది కదా. టీచర్లకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అదే ఏడాది ఇంకో పరిశోధన మన పరువు తీసింది. ఆటిజం ఉన్నవాళ్లను కొద్ది సెకన్లు వీడియోలో చూసి 'వీళ్లతో మనకెందుకులే' అనుకున్న జనం, వాళ్లు అందులో అన్న మాటలనే కాగితం మీద చదివినప్పుడు అలా అనుకోలేదు. 2020లో మరో ప్రయోగం: ఒక కథను నోటిమాటగా ఒకరి నుంచి ఒకరికి చేరవేయమన్నారు. ఆటిజం ఉన్నవాళ్ల వరస, లేనివాళ్ల వరస సమానంగా నెగ్గాయి. కలగలిపిన వరసలోనే కథ ఎక్కువ గల్లంతైంది. రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లని మనకు తెలుసు. తానూ ఆటిస్టిక్ అయిన పరిశోధకుడు డేమియన్ మిల్టన్ ఈ మాటనే 2012లో 'డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్' అన్నాడు, అంటే ఒకరినొకరు అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉన్న చిక్కేనని. ట్రైనింగ్ మాత్రం ఒక్క చేతికే.

ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో చెప్పమని తానే అడిగే అమ్మాయికి నేర్పాల్సిందే, అందులో వెటకారం లేదు. కానీ తమ ఆటిజం బయటపడకుండా రోజంతా ముసుగేసుకుని బతికేవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువని 2018 నుంచీ పరిశోధనలు చెబుతున్నాయి. ఆ ముసుగు కుట్టే పనికి మనం పెట్టుకున్న పేరు 'స్కిల్'.

కనుక మామూలువాళ్లకూ ఒక కోర్సు పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. రానప్పుడు రానని చెప్పడం, ప్రశ్న అడిగాక జవాబొచ్చేదాకా నోరు మూసుకోవడం, ఎదుటివాడు వేళ్లు ఆడిస్తుంటే గుచ్చి చూడకపోవడం, ఇవీ పాఠాలు. పరీక్ష పెట్టేది ఆటిజం ఉన్నవాళ్లే. మచ్చుకు ఒక పెద్దమనిషిని చేరమన్నాను. "రోజంతా అలా ఉండాలంటే ఎవరి తరం అవుతుందండీ? ఎవరి స్వభావం వాళ్లకుంటుంది కదా" అన్నాడు.