సవరణ: ఫ్రెంచ్ ఉల్లిపాయ సూప్ పోషక విలువలు
ఫ్రెంచ్ ఉల్లిపాయ సూప్‌పై గత టపాలో ఇచ్చిన ‘100 గ్రాములకు సుమారు 40 కేలరీలు’ అన్న అంకె పచ్చి ఉల్లిపాయకే తప్ప, వడ్డించే సూప్‌కు వర్తించదని పాఠకులు గమనించగలరు. ఉల్లి చీలికలను వెన్నలో, సన్నని సెగపై ముదురు గోధుమరంగు వచ్చేదాకా మగ్గించి, గొడ్డుమాంసపు ఎముకల రసం పోసి, పైన రొట్టెముక్క పెట్టి, గ్రూయేర్ చీజ్ తురుము పరచి, అది పొంగి అంచులు మాడేదాకా కాల్చే ఈ వంటకంలో 30 గ్రాముల చీజే సుమారు 120 కేలరీలను, దాదాపు 300 మిల్లీగ్రాముల కాల్షియంను ఇస్తుంది. అంతసేపు మగ్గిన ఉల్లిలో విటమిన్ సి చాలావరకు నశిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం ఉప్పు: రసం, చీజ్, రొట్టె మూడింటిలోనూ అది ఉంటుంది కనుక, రక్తపోటు ఉన్నవారు దీనిని తేలికపాటి ఆహారంగా భావించరాదు. శాకాహారులు చీజ్ సంగతి కూడా విచారించుకోవాలి; సంప్రదాయ గ్రూయేర్ తయారీలో పాలను విరిచేందుకు దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు.